నల్ల ఎలుగుబంటి ఫొటో బొగ్గుముద్దలా రాకుండా: మిన్నెసోటా ఉత్తరాది అడవికి ఒక సమగ్ర మార్గదర్శి

మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన, ఓర్ అనే చిన్న ఊరికి దగ్గర్లోని అడవిలో విన్స్ షూట్ వైల్డ్‌లైఫ్ శాంక్చురీ ఉంది. వేసవి సాయంత్రాల్లో నల్ల ఎలుగుబంట్లు అడవి దాటి, అక్కడ పెట్టే తిండి కోసం పచ్చికలోకి వస్తాయి. మనం ఎత్తయిన చెక్క డెక్ మీద నిలబడి చూస్తాం. అవి కట్టేసినవీ కావు, కంచెలో పెట్టినవీ కావు. ఇష్టమైతే వస్తాయి, లేకపోతే లేదు.

మినియాపొలిస్ వైపు ఉండే మనవాళ్లు చాలామంది వెళ్లొస్తుంటారు. తిరిగొచ్చాక అందరిదీ ఒకటే మాట: "ఎలుగుబంట్లు బోలెడు కనిపించాయి, ఫొటోల్లో మాత్రం బొగ్గుముద్దలే ఉన్నాయి, ఎలా తీయాలి?" అక్కడ ఎలుగుబంటి దొరకడం పెద్ద సమస్య కాదు. దాని నలుపే సమస్య. అందుకే ఇందులో సగానికి సగం ఆ నలుపు గురించే ఉంటుంది.

1. ఏ నెలలో వెళ్లాలి

సందర్శకులను సుమారుగా మే చివరి వారాంతం నుంచి సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే వరకు, సాయంత్రం పూట రానిస్తారు. మామూలుగా 5 నుంచి 8 దాకా. సెలవు రోజులు, వేళలు, టికెట్ ధర ఏటా మారొచ్చు కాబట్టి బయల్దేరే వారంలో వాళ్ల సైట్ ఒకసారి చూసుకోండి. ఫొటోగ్రాఫర్ల కోసం ప్రత్యేకంగా కొద్దిమందితో సెషన్లు పెడితే అవి ముందే నిండిపోతాయి.

జూన్‌లో వెళితే ఎలుగుబంటి పిల్లలు చిన్నవిగా, ముద్దుగా ఉంటాయి. కానీ పెద్ద ఎలుగుబంట్లకు పాత బొచ్చు రాలుతుంటుంది, అక్కడక్కడా చింపిరిగా కనిపిస్తాయి. పైగా జూన్ నెలాఖరుకు అక్కడ సూర్యాస్తమయం 9 దాటాకే. సాయంత్రం 6కి కూడా ఎండ పైనుంచే కొడుతుంది. మీరు డెక్ దిగే వేళకు గానీ వెలుతురు మెత్తబడదు.

ఆగస్టు రెండో సగంలో లెక్క మారుతుంది. సూర్యాస్తమయం 8కి కాస్త అటూ ఇటూ. చివరి గంటంతా పక్కనుంచి పడే పసుపు వెలుతురే. చలికాలం కోసం తెగ తినే రోజులు కనుక ఒళ్లు నిండుగా ఉంటుంది, బొచ్చు నిగనిగలాడుతుంది. ఒక చిక్కుంది. ఆ ఏడాది అడవిలో బెర్రీలు, హేజెల్ కాయలు బాగా కాస్తే కొన్ని ఎలుగుబంట్లు అటే తిరుగుతాయి, పచ్చికలోకి వచ్చేవి తగ్గొచ్చు. ఒక్కసారే వెళ్లగలనంటే నేను ఆగస్టే చెప్తాను. ఎలుగుబంటి పిల్లల కోసమే వెళ్లేవాళ్లు జూన్ చివర, మబ్బు పట్టిన రోజు చూసుకోండి.

2. ప్రయాణం, బస

మినియాపొలిస్ నుంచి ఓర్‌కి కారులో సుమారు 4 గంటలు. క్లోకే దాకా ఇంటర్‌స్టేట్ 35, తర్వాత హైవే 33, ఆపైన వర్జీనియా మీదుగా హైవే 53. ఒకే సాయంత్రం చూసి అదే రాత్రి వెనక్కి రావొచ్చు కానీ నేనైతే వద్దంటాను. చీకటి పడే వేళ ఆ రోడ్ల మీదకు జింకలు వస్తాయి. ఓర్‌లోనో, దక్షిణాన ఉన్న కుక్ ఊళ్లోనో గది తీసుకుని రెండు సాయంత్రాలు కేటాయించండి. మొదటి సాయంత్రం ఎటూ డెక్ అలవాటు కావడానికే సరిపోతుంది.

కారు పార్కింగ్‌లో పెట్టాక షటిల్‌లో డెక్ దగ్గరికి తీసుకెళ్తారు. ఏదైనా మర్చిపోతే మధ్యలో వెళ్లి తెచ్చుకోవడం తేలిక కాదు.

3. బ్యాగులో ఏం ఉండాలి

లెన్స్ అంటే పొడుగుదే అనుకుంటాం గానీ, ఒక్కోసారి ఎలుగుబంటి డెక్ కిందికే వచ్చేస్తుంది. అప్పుడు 600 ఎంఎం లెన్స్‌లో ముక్కు తప్ప ఏమీ పట్టదు. 100–400 జూమ్ ఒక్కటీ చేతిలో ఉంటే పని దాదాపు అయిపోయినట్టే. కొనాల్సిన పని లేదు, వారాంతానికి అద్దెకు దొరుకుతుంది. ఫోన్‌తో తీసేవాళ్లు దగ్గరికొచ్చిన వాటితో సరిపెట్టుకోండి, డిజిటల్ జూమ్ జోలికి పోవద్దు.

చెక్‌లిస్ట్:

- 100–400 లేదా 200–600 జూమ్, మొదటి కెమెరా బాడీకి
- 24–105 లాంటిది, రెండో బాడీకి. రెండో బాడీ లేకపోతే మంచి ఫోన్
- మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు), లేదా రెయిలింగ్ మీద పెట్టుకునే బీన్ బ్యాగ్. జనం ఉన్న డెక్ మీద ట్రైపాడ్ కాళ్లు అందరికీ అడ్డమే
- అదనపు బ్యాటరీ, కార్డు
- వాన కవరు, లేదంటే పెద్ద ప్లాస్టిక్ సంచీ, రబ్బరు బ్యాండు
- పోలరైజర్ ఫిల్టర్. తడి ఆకుల మీద మెరుపు తగ్గుతుంది, కానీ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగం, పెరిగితే రెట్టింపు) వెలుతురు తినేస్తుంది, అందుకే వాన వెలిసాక మాత్రమే
- నిండు చేతుల చొక్కా, సాక్సులు, పల్చటి జాకెట్

దోమల మందు విషయంలో ఒక జాగ్రత్త. డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్‌ని, రబ్బరు గ్రిప్‌ని మెత్తబరిచి పాడు చేస్తుంది. అరచేతులతో రాసుకుని వెంటనే కెమెరా పట్టుకుంటే వేళ్ల ముద్రలు శాశ్వతంగా ఉండిపోతాయి. పికారిడిన్ ఉన్నది కొనండి. డీట్ తప్పదనుకుంటే బట్టల మీద చల్లుకుని చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ అడవిలో పిడుదులు (టిక్స్) కూడా ఉంటాయి, రాత్రి గదికొచ్చాక ఒళ్లంతా చూసుకోవాలి.

తిండి డెక్ మీదకు తేకూడదు. చూయింగ్ గమ్, జేబులో మరిచిపోయిన చాక్లెట్ కూడా తిండి కిందే లెక్క. దారిలో తినగా మిగిలిన పులిహోర డబ్బా గట్టిగా మూసి, అద్దాలు ఎత్తి, కారు తాళం వేసి రండి. ఆవకాయ వాసన మనకే అంత దూరం వస్తే ఎలుగుబంటి ముక్కుకి ఇక చెప్పాలా!

4. వెళ్లే ముందు సాధన

నలుపుని తీయడం అక్కడికెళ్లి నేర్చుకునే పని కాదు. పార్కులో నల్ల లాబ్రడార్ కుక్కని యజమానిని అడిగి తీయండి. ఇండియా వెళ్లినప్పుడు చెట్టు నీడలో పడుకున్న గేదె కంటే మంచి మోడల్ దొరకదు. అదే నలుపు, అదే చిన్న కన్ను, అదే తడి మెరుపు. కంటి చుట్టూ ఉన్న వెంట్రుకలు విడివిడిగా కనిపించేదాకా తీయండి.

ఇంకొకటి. వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్ (కెమెరా లెక్కగట్టిన వెలుతురుని ప్లస్, మైనస్‌లతో మనం పెంచడానికో తగ్గించడానికో ఉన్నది) తిప్పడం వేళ్లకు రావాలి. ఇది రాకపోతే కింద రాసినదంతా వృథా.

5. ఎక్స్‌పోజర్: అసలు కిటుకు ఇక్కడే

కెమెరా మీటర్ తన ముందున్నదంతా కలిసి మధ్యస్థ బూడిదరంగు అనుకుంటుంది. ఎలుగుబంటి ఫ్రేమ్ నిండా ఉంటే "అయ్యో, చీకటి" అని వెలుతురు పెంచేస్తుంది. నల్ల బొచ్చు వెలిసిన గొంగళిలా వస్తుంది. అదే ఎలుగుబంటి చిన్నగా, చుట్టూ ఎండ పడిన గడ్డి ఉంటే మీటర్ గడ్డినే చూస్తుంది, ఎలుగుబంటి బొగ్గయిపోతుంది. ఒకే జంతువు, ఒకే సాయంత్రం, రెండు వ్యతిరేక తప్పులు. "నల్లదాన్ని తీసేటప్పుడు మైనస్ చెయ్యాలి" అని ఎక్కడో చదివి అన్నిటికీ మైనస్ పెట్టేవాళ్లు అందుకే దెబ్బతింటారు.

మొదలుపెట్టడానికి ఈ అంకెలు పెట్టుకుని, అక్కడినుంచి సర్దుకోండి:

- ఎలుగుబంటి ఫ్రేమ్‌లో సగానికి పైగా ఉంటే: మైనస్ 2/3 నుంచి మైనస్ 1
- మబ్బు వెలుతురులో, ఫ్రేమ్‌లో మూడో వంతు ఉంటే: సున్నా
- ఎండ గడ్డిలో చిన్నగా ఉంటే: ప్లస్ 1/3 నుంచి 2/3
- చెట్టెక్కిన పిల్ల, వెనక తెల్లటి ఆకాశం: ప్లస్ 1 1/3 నుంచి 2. ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి

వెలుతురు నిలకడగా ఉన్నప్పుడు నేను దీనికంటే మాన్యువల్ మోడ్‌నే (సెట్టింగులన్నీ మనమే పెట్టేది) నమ్ముతాను. పద్ధతి ఇది:

1. ఎలుగుబంటి మీద పడుతున్న వెలుతురులోనే ఉన్న పచ్చగడ్డిని ఫ్రేమ్ నిండా పెట్టండి.
2. ఐఎస్‌ఓ ఆటో తీసేసి, మీటర్ సున్నా చూపేలా షట్టర్ (వెలుతురు పడే సమయం), ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్‌ఓ (ఫొటోని ఎంత వెలుగుగా చూపాలనే సెట్టింగు) కుదర్చండి. పచ్చగడ్డి దాదాపు మధ్యస్థంగా ఉంటుంది.
3. అక్కడినుంచి 1/3 స్టాపు వెలుతురు పెంచండి, బొచ్చులో వివరం వస్తుంది.
4. ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఎడమన నలుపు, కుడిన తెలుపు ఎంతుందో చూపే గ్రాఫు) చూడండి. ఎడమ గోడకి అతుక్కుని ఉంటే మరో 1/3 పెంచండి.
5. ఇక ముట్టుకోవద్దు. ఎలుగుబంటి దగ్గరికి వచ్చినా, దూరం వెళ్లినా అదే సెట్టింగు. మబ్బు అడ్డం వస్తేనో, అది నీడలోకి వెళ్తేనో మళ్లీ మొదటి అంచె నుంచి.

నాలుగో అంచెలో స్క్రీన్ మీద ఫొటో చూసి సరేననుకోవద్దు. సాయంత్రం వెలుతురులో స్క్రీన్ అబద్ధం చెప్తుంది. కొన్ని ఎలుగుబంట్లకు ఛాతీ మీద తెల్ల మచ్చ ఉంటుంది. అలాంటిది ఎండలో ఉంటే మాత్రం పెంచిన 1/3 వెనక్కి తీసేయండి.

ఫైలు రా (RAW) ఫార్మాట్‌లోనే, అంటే కెమెరా పట్టిన సమాచారమంతా ఉండేది. జేపెగ్‌లో నలుపు ఒకసారి మూసుకుపోతే తెరవడానికి అందులో ఏమీ మిగలదు.

6. షట్టర్, ఎపర్చర్, ఐఎస్‌ఓ

- కూర్చున్నది, పడుకున్నది: షట్టర్ 1/250 సెకను
- నడుస్తున్నది: 1/500
- పిల్లల కుస్తీ, చెట్టెక్కడం: 1/1000
- వానలో ఒళ్లు విదిలించుకోవడం: 1/1600

ఎపర్చర్ ఎఫ్ 5.6 లేదా 6.3. తల్లీపిల్లా ఇద్దరి కళ్లూ కావాలంటే ఎఫ్ 8. మిగిలిన భారం ఐఎస్‌ఓ మీద పడనివ్వండి. నీడలో 3200, 6400 మామూలే. నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందని టెన్షన్ పడి ఐఎస్‌ఓ తగ్గించి, చీకటిగా తీసి, ఇంటికెళ్లాక లాగితే నాయిస్ ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. నలుపులో అది మరీ ఘోరం.

7. ఫోకస్: మూతికీ కంటికీ మధ్య

ఆటోఫోకస్‌కి తేడాలు కావాలి. నల్ల బొచ్చులో అవి లేవు. జంతువుల కన్ను గుర్తించే మోడ్ మీ కెమెరాలో ఉంటే వాడండి కానీ గుడ్డిగా నమ్మొద్దు, నల్ల ముఖంలో చెవినో ముక్కునో పట్టేస్తుంటుంది. నల్ల ఎలుగుబంట్లలో చాలావాటికి మూతి గోధుమరంగులో ఉంటుంది. ఆ గోధుమరంగు ఆగి నలుపు మొదలయ్యే గీత మీద సింగిల్ పాయింట్ (ఒకే చుక్క ఫోకస్) పెట్టండి. కళ్లకు దాదాపు అదే దూరం.

ఫోకస్ ఎంత కుదిరినా కంట్లో వెలుగు చుక్క లేకపోతే ముఖం చచ్చినట్టుంటుంది. తల దించి తింటున్నంతసేపూ ఆ చుక్క రాదు. ఎలుగుబంటి తినడం ఆపి, ముక్కు పైకెత్తి గాలి వాసన చూస్తుంది. అప్పుడు కంట్లోకి ఆకాశం పడుతుంది. అది కొద్ది క్షణాల పని. తింటున్నప్పుడు ఒక్క ఫొటో కూడా తీయకుండా, సగం నొక్కిన బటన్ మీద వేలుంచి, తల లేవగానే నాలుగైదు ఫొటోల చిన్న బర్స్ట్ కొట్టండి. సాయంత్రమంతా వేలు నొక్కి పట్టుకున్నవాళ్లకంటే మీకు మంచి ఫొటోలు ఎక్కువ వస్తాయి.

8. డెక్ మీద ఎక్కడ నిలబడాలి

ఎత్తు నుంచి తీస్తే వీపు, నడినెత్తి తప్ప ఏం కనిపించవు. దీనికి మందు దూరం. డెక్ 4 మీటర్ల ఎత్తు అనుకుంటే, 10 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని 20 డిగ్రీలకు పైగా కిందికి చూస్తాం. 40 మీటర్ల దూరంలో ఉంటే ఆ కోణం 6 డిగ్రీలకు పడిపోతుంది, దాదాపు కంటికి కన్ను. అందుకే అందరూ కిందనున్న ఎలుగుబంటి మీదకు వంగితే, మీరు పచ్చిక అంచున, అడవిలోంచి అప్పుడే బయటికి వస్తున్నదాన్ని చూడండి. వెనక చీకటి చెట్లు, ముందు ఫెర్న్ మొక్కలు, తిండి కనిపించదు. రెయిలింగ్ కమ్మీల మధ్య సందుంటే మోకాళ్ల మీద కూర్చుని తీస్తే ఇంకాస్త మేలు.

కెమెరా పట్టీ మెడలోనే ఉండాలి. కింద పడిన లెన్స్ క్యాప్ తెచ్చుకోవడానికి మీరు దిగలేరు, అక్కడి వలంటీర్లకు వీలైనప్పుడు తెచ్చిచ్చేదాకా ఆగాల్సిందే.

సూర్యుడు మన వెనకుంటే సరిపోతుందనేది మామూలు సలహా. నల్ల ఎలుగుబంటికి అది అంతగా పనికిరాదు, నెత్తిన ఎండ మరీ చెడ్డది. వరుస ఇలా పెట్టుకోండి: పల్చటి మబ్బు అన్నిటికంటే మేలు, తర్వాత పక్క వెలుతురు, ఆ తర్వాత చివరి గంటలో ఎదురు వెలుతురు. ఎదురు వెలుతురులో ఒంటి చుట్టూ బొచ్చు అంచు బంగారు గీతలా మెరుస్తుంది, వెనక చీకటి ఉంటేనే. సన్నటి తుంపర పడితే మాత్రం డెక్ దిగకండి. పచ్చదనం చిక్కబడుతుంది, బొచ్చు మీద నీటి చుక్కలు నిలుస్తాయి, సగం మంది షెడ్డు కిందికి పోయి చోటు ఖాళీ అవుతుంది.

9. ఎలుగుబంటిని చదవడం

ఏం జరగబోతోందో రెండు సెకన్లు ముందు తెలిస్తే చాలు.

పిల్లలు ఉన్నట్టుండి పరుగెత్తి వైట్ పైన్ చెట్టెక్కాయంటే అందరి కెమెరాలూ చెట్టు వైపే తిరుగుతాయి. పిల్లల్ని ఒక్క బర్స్ట్ తీసి, వెంటనే తల్లి ముఖాన్ని చూడండి. అది ఎటు చూస్తుంటే అటునుంచి ఓ పెద్ద మగ ఎలుగుబంటి వస్తుండొచ్చు. తల్లి గొంతులో ఓ మూలుగు, పైన గోళ్లు బెరడుని గీరే చప్పుడు, పొట్టు పొట్టుగా కింద రాలే బెరడు ముక్కలు. తల్లి చెట్టు మొదట్లోనే నిలబడి ఉంటుంది. ఫ్రేమ్‌లో కింద తల్లి, పైన కొమ్మ పంగలో పిల్లలు, నిలువుగా తీస్తే మొత్తం కథ ఒకే ఫొటోలో వస్తుంది. ఆ మగది వెళ్లిపోయాక పిల్లలు వెనక్కి వెనక్కి జారుతూ దిగుతాయి, అప్పుడు మళ్లీ తీయండి.

బుస్సుమని గాలి వదలడం, పళ్లు టకటకలాడించడం, ముందుకాలితో నేలని కొట్టడం: ఇవి దాడికి ముందు సంకేతాలనుకుని జనం బెదిరిపోతారు. చాలావరకు అది దాని కంగారు, "దూరంగా ఉండు" అని ఇంకో ఎలుగుబంటికి చెప్పడం. షట్టర్ 1/1000కి పెంచుకోండి. చెవులు వెనక్కి అణిచిందంటే చిరాకు. వెనక కాళ్ల మీద లేచి నిలబడితే కోపం కాదు, సరిగ్గా చూడాలని, వాసన పట్టాలని.

తల్లి చెట్టుకి వీపు ఆనించి వెనక్కి వాలితే పాలివ్వబోతోందని అర్థం. పిల్లలు పాలు తాగుతూ చిన్న మోటారులా గుర్రుమంటాయి. నిశ్శబ్ద షట్టర్ పెట్టి, ఫొటోలతో పాటు ఒక నిమిషం వీడియో కూడా తీయండి, ఆ చప్పుడు కోసమైనా.

పిలవడం, ఈల వేయడం, రెయిలింగ్ తట్టడం, ఫ్లాష్ కొట్టడం ఇవేవీ వద్దు. ఆ ఎలుగుబంటి మీ వైపు చూడటం కంటే తన పని తాను చేసుకుంటున్నప్పుడే ఫొటో బాగుంటుంది.

10. పొరపాట్లు, సవరణలు

*బొచ్చు బూడిదగా ఉంది.* మీటర్ మోసం చేసింది. మైనస్ 2/3, లేదా గడ్డి పద్ధతి.

*కళ్లు కనిపించడం లేదు.* తల లేచేదాకా ఆగండి. ఎడిటింగ్‌లో కంటిని వెలిగిస్తే బొమ్మ కన్నులా ఉంటుంది.

*కదిలినట్టుంది, కానీ గడ్డి షార్ప్‌గా ఉంది.* చేయి కాదు, ఎలుగుబంటి కదిలింది. స్టెబిలైజేషన్ (చేతి వణుకు తగ్గించేది) దీన్ని ఆపలేదు, షట్టరే పెంచాలి.

*ఫోకస్ ముందున్న గడ్డి పరకని పట్టింది.* పెద్ద ఫోకస్ ఏరియా తీసేసి సింగిల్ పాయింట్.

*నెత్తి మీద కొమ్మ మొలిచినట్టుంది, వెనక తెల్ల బర్చ్ మాను అడ్డంగా ఉంది.* రెండడుగులు పక్కకి జరగండి. లేదా ఎలుగుబంటి జరిగేదాకా ఆగండి, అది మీకంటే ముందే జరుగుతుంది.

*అన్ని ఫొటోల్లోనూ తింటోంది.* ఆఖరి గంట పూర్తిగా పచ్చిక అంచుకి, చెట్లకి కేటాయించండి.

11. ఎడిటింగ్

షాడోస్ స్లైడర్‌ని పూర్తిగా లాగేయాలని చెయ్యి పీకుతుంది. లాగితే మళ్లీ బూడిదే. 20, 30 దగ్గర ఆపి, బ్లాక్స్‌ని కొంచెం కిందికి దింపండి. నలుపు నలుపుగానే ఉండాలి, అందులో వెంట్రుకల దిశ మాత్రం తెలియాలి.

నీడలో తీసిన బొచ్చుకి నీలి ఛాయ వస్తుంది. వైట్ బ్యాలెన్స్ మొత్తం వేడెక్కిస్తే గడ్డి పసుపెక్కుతుంది. అందుకే ఎలుగుబంటిని మాత్రమే మాస్క్ చేసి నీలం సాచురేషన్ తగ్గించండి. నాయిస్ తగ్గింపు బ్యాక్‌గ్రౌండ్‌కి ఎక్కువ, ముఖానికి తక్కువ.

12. పైకి పెట్టే ముందు

- ఈ శాంక్చురీలో ఎలుగుబంట్ల కోసం తిండి పెడతారు. క్యాప్షన్‌లో ఆ సంగతి దాచకండి, "దట్టమైన అడవిలో వెంటాడి తీశాను" అని బిల్డప్ ఇవ్వకండి
- ఈలీ ఊళ్లోని నార్త్ అమెరికన్ బేర్ సెంటర్‌లో తీసినవైతే అవి ఆవరణలో పెంచుతున్న ఎలుగుబంట్లని రాయండి
- ఫొటో చూసి ఎవరైనా తమ పెరట్లో తిండి పెట్టి పిలుద్దామనుకుంటే వద్దని గట్టిగా చెప్పండి. ఇళ్లకు అలవాటుపడిన ఎలుగుబంటిని చివరికి చంపాల్సి రావొచ్చు
- శాంక్చురీ బయట, రోడ్డు పక్కన కనిపించిన ఎలుగుబంటి ఫొటో అయితే జీపీఎస్ సమాచారం తీసేసి పెట్టండి, మైలురాయి, రోడ్డు నంబరు రాయకండి. మిన్నెసోటాలో ఎలుగుబంట్ల వేట సీజన్ సెప్టెంబర్ 1న మొదలవుతుంది, ఆగస్టు చివర తీసిన ఫొటోలకు ఈ జాగ్రత్త మరీ అవసరం